‘వెరీ ఎక్సలెంట్’ అన్నానని నవ్వారు, అప్పటి నుంచి ఎవరినీ మెచ్చుకోలేకపోతున్నాను

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఆఫీసు వివరాలు వేయొద్దని కోరారు. వయసు 36. సొంతూరు మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీకాం, ఎంబీఏ అయ్యాక ఒక బ్రిటన్ కంపెనీ లెక్కలు ఇక్కడి నుంచి చూసే ఆఫీసులో చేరి పదకొండేళ్లయింది. రెండేళ్ల క్రితం టీమ్ లీడ్ అయ్యారు. ఆవిడ కింద ఎనిమిది మంది పని చేస్తారు. పనిలో ఎవరూ వంక పెట్టలేదని, ఈమెయిల్స్ కూడా ఇబ్బంది లేకుండా రాస్తానని, ఎవరినైనా మెచ్చుకోవాల్సి వస్తే మాత్రం చేతులు ఆగిపోతున్నాయని రాశారు.

మార్చిలో ఒక వీడియో మీటింగ్‌లో ప్రజెంటేషన్ అయిపోయాక ఈవిడ “వెరీ ఎక్సలెంట్” అన్నారట. పక్క టీమ్ లీడ్ అందరూ వింటుండగానే “ఎక్సలెంట్‌కి ముందు వెరీ రాదండీ” అని నవ్వారు. మరో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. అప్పటి నుంచి మీటింగుల్లో “థాంక్యూ” తప్ప ఈవిడ ఇంకో మాట మాట్లాడడం లేదు. అంతకుముందు బ్రిటన్‌లో ఉన్న మేనేజర్ ఈవిడ రిపోర్టు చూసి “క్వైట్ గుడ్” అని జవాబు రాస్తే ఇంట్లో అందరికీ చెప్పుకుని సంతోషపడ్డారు. తీరా ఏడాది పనిని అంచనా వేసే అప్రైజల్‌లో అదే రిపోర్టు ఇంకా మెరుగుపడాలని వచ్చింది. ఈ మధ్య తన టీమ్‌లో అందరికంటే బాగా పని చేసే అమ్మాయి గురించి అప్రైజల్ ఫారంలో “సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, వర్క్ ఈజ్ శాటిస్ఫాక్టరీ” అని రాశారు. ఆ అమ్మాయి అది చూసి “నేను అంత మామూలుగా చేశానా మేడమ్?” అని అడిగి, ఆ రోజు నుంచి ముభావంగా ఉంటోంది. ఫారం ఇంకా పైవాళ్ల దగ్గరే ఉంది, నెలాఖరుకు ఖాయమవుతుంది.

ఇంకొకటి. ఆ బ్రిటన్ మేనేజర్ వచ్చే నెల రిటైరవుతున్నారు. అందరూ సంతకం చేసే కార్డులో ఏదైనా రాయాలి. కొవిడ్ రోజుల్లో ఈవిడ నాన్నగారు ఆస్పత్రిలో ఉంటే, పది రోజులు ఈవిడ పని కూడా ఆ మేనేజరే చేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదట. “అలాంటి మనిషికి ఒక్క మంచి మాట రాయలేకపోతున్నాను. నాలుగుసార్లు రాసి చెరిపేశాను. ఇంట్లో ఆరో తరగతి చదివే నా కూతురు నా ఇంగ్లిష్ దిద్దినా ఇప్పుడు గుచ్చుకుంటోంది. క్లాసులో చేరాలా? మెచ్చుకోవడం మానేసి థాంక్యూతో సరిపెట్టుకోవాలా? ఆ అమ్మాయికి ఏం చెప్పాలి?” అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జరిగినవన్నీ కలిపి “నా ఇంగ్లిష్ బాగాలేదు” అని ఒకే మూట కట్టారు. నేను ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పాను. నాకు మీ ఉత్తరంలో కనిపించినవి వేరు వేరు చిక్కులు. ఒకటి భాష అలవాటుది. ఇంకొకటి దేశానికీ దేశానికీ మారే వాడుకది. మూడోది ఆఫీసు ఫారాల్లో మాటలకుండే బరువుది. నవ్విన సంగతి ఉందే, దానికి ఇంగ్లిష్‌తో సంబంధం లేదు. అది మర్యాదకు సంబంధించిన విషయం. కాబట్టి విడివిడిగా చూద్దాం.

ముందు ఆ “వెరీ ఎక్సలెంట్”. తెలుగులో “చాలా అద్భుతంగా ఉంది” అని నిక్షేపంగా అంటాం. ఎవరూ తప్పు పట్టరు. అద్భుతానికి పైన కూడా మనకో మెట్టుంది, పరమాద్భుతం అంటాం. అదే అలవాటు మీ నోట్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇంగ్లిష్‌లో మెచ్చుకునే మాటలు రెండు రకాలుగా నడుస్తాయి. గుడ్, నైస్, యూజ్‌ఫుల్, క్లియర్ లాంటి వాటిలో ఎక్కువ తక్కువలుంటాయి. వాటి ముందు “వెరీ” వస్తుంది. ఎక్సలెంట్, సూపర్బ్, ఫెంటాస్టిక్, పర్ఫెక్ట్ లాంటివి అప్పటికే పై మెట్టు మీద ఉన్న మాటలు. “చాలా” అన్న అర్థం వాటి లోపలే ఉంది. ఇంకా గట్టిగా చెప్పాలంటే వాటి ముందు “ఆబ్సల్యూట్లీ” పెడతారు. ఆబ్సల్యూట్లీ ఎక్సలెంట్ అంటారు కానీ, ఆబ్సల్యూట్లీ గుడ్ అని మామూలుగా అనరు. మీటింగ్‌లో ఇదంతా ఆలోచించే తీరిక ఉండదు కాబట్టి ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: “రియల్లీ”. అది రెండు రకాలతోనూ కలుస్తుంది. రియల్లీ గుడ్ అనొచ్చు, రియల్లీ ఎక్సలెంట్ అనొచ్చు. నా విద్యార్థుల్లో భయపడేవాళ్లకు ముందుగా ఈ మాటే ఇచ్చేవాణ్ని.

ఇది ఇనుప గోడ లాంటి నియమం కూడా కాదు. అమెరికా రాజ్యాంగం 1787లో రాశారు. దాని మొదటి వాక్యంలోనే “మోర్ పర్ఫెక్ట్ యూనియన్” అని ఉంది. పర్ఫెక్ట్ అంటేనే లోపం లేనిదని, దానికి ముందు మోర్ ఎలా వస్తుందని వ్యాకరణం పట్టుకునేవాళ్లు అడగొచ్చు. ఆ వాక్యం మాత్రం రెండు వందల ఏళ్లకు పైగా అలాగే ఉంది. మీరు ఆ రోజు అన్న మాట ఇంగ్లిష్ వాడుకకు కాస్త ఎడంగా ఉంది, అంతే. అర్థం అందరికీ చేరింది. ప్రజెంటేషన్ ఇచ్చిన మనిషి బహుశా సంతోషపడే ఉంటారు. ఆ సంగతి మీరు అసలు రాయలేదు. ఆయనకు ఎలా అనిపించిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

“క్వైట్ గుడ్” దగ్గర మీ తప్పేమీ లేదు. ఆ మాట సముద్రం దాటితే అర్థం మారుతుంది. అమెరికా వాళ్లు క్వైట్ గుడ్ అంటే చాలా బాగుందని. బ్రిటన్ వాళ్లు ఎక్కువగా దాన్ని “ఫర్వాలేదు, ఒక మోస్తరుగా ఉంది” అనే అర్థంలో వాడతారు. మనకు “బాగుంది”కీ “బాగానే ఉంది”కీ ఉన్న తేడా చూడండి. మధ్యలో వచ్చిన ఆ చిన్న “నే”తో పొగడ్త సగం దిగిపోతుంది. కూర బాగానే ఉంది అంటే ఏదో తగ్గిందని ఇంట్లో అందరికీ తెలుస్తుంది. బ్రిటన్ వాళ్ల క్వైట్ ఆ “నే” లాంటిదే. ఇంకో మెలిక ఏమిటంటే, అదే క్వైట్ పై మెట్టు మాటల ముందు వస్తే అక్కడ కూడా “పూర్తిగా” అనే అర్థం ఇస్తుంది. బ్రిటన్ మేనేజర్ “క్వైట్ బ్రిలియంట్” అని రాస్తే నిశ్చింతగా సంతోషించవచ్చు. “నాట్ బ్యాడ్ ఎట్ ఆల్” అన్నా, పైకి చప్పగా కనిపించినా, వాళ్ల దగ్గర అది చాలాసార్లు నిజమైన మెప్పే.

ఇకమీదట ఇలాంటి మాట వస్తే మీ ముందు రెండు దారులున్నాయి. మనసులోనే అర్థం వేసుకుని ఊరుకోవచ్చు. అప్పుడు మళ్లీ అప్రైజల్ దాకా సంగతి తెలియదు. లేదా “థాంక్యూ, ఇందులో ఏది మారిస్తే ఇంకా బాగుంటుంది?” అని ఒక లైను తిరిగి రాయొచ్చు. ఇలా అడిగితే కొంతమంది మేనేజర్లు పెద్ద జాబితా పంపిస్తారు, ఆ రోజు కాస్త నీరసం వస్తుంది. కానీ ఏడాది చివర దెబ్బ తగలదు. నాకైతే రెండోదే మేలనిపిస్తుంది. మీ తీరిక, మీ ఓపిక చూసుకోండి.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే ఇక్కడ నష్టపోతున్నది మీరు కాదు.

నిఘంటువులో శాటిస్ఫాక్టరీ అంటే తృప్తికరం. మీకు నిజంగానే తృప్తిగా ఉంది, అందుకే రాశారు. కానీ ఫారాల్లో, రిపోర్టుల్లో ఆ మాటకు అర్థం “గట్టెక్కింది” అనే. ఫెయిర్, యాడిక్వేట్ కూడా అంతే. ఇక సిన్సియర్. మన దగ్గర బుద్ధిగా, శ్రద్ధగా పని చేసేవాళ్లను సిన్సియర్ అంటాం. మా కాలేజీలో పిల్లలకు ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌లోనూ ఆ మాట ఉండేది. బ్రిటన్, అమెరికా వాళ్లకు సిన్సియర్ అంటే మనసులో ఒకటి, పైకి ఒకటి లేని మనిషి అని. మంచి మాటే, కానీ పని గురించి ఏమీ చెప్పదు. హార్డ్‌వర్కింగ్ కూడా ఒంటరిగా ఉంటే చిక్కే. కష్టపడుతుంది సరే, ఫలితం ఏమైంది అని చదివేవాళ్లకు అనుమానం వస్తుంది. మీరు మూడు మంచి మాటలు రాశాననుకున్నారు. అక్కడి వాళ్లకు అందులో “నెమ్మదస్తురాలు, ఏదో నెట్టుకొస్తోంది” అని కనిపించే ప్రమాదం ఉంది.

మాట మంచిదే అయినా మనిషికి అడ్డం పడుతుందనడానికి మన దేశంలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. సరిహద్దు రోడ్లు వేసే ప్రభుత్వ విభాగంలో దేవ్ దత్ అనే ఇంజినీరుకు 1993-94 సంవత్సరానికి పై అధికారులు రాసే రహస్య నివేదికలో “గుడ్” అని రాశారు. ప్రమోషన్‌కు కావాల్సింది “వెరీ గుడ్”. తనకు గుడ్ అని రాశారన్న సంగతి ఆయనకు చెప్పలేదు, ప్రమోషన్ రాలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008లో కోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. పేరుకు గుడ్ అయినా అది ప్రమోషన్‌కు అడ్డుపడితే ఆ ఉద్యోగికి అది వ్యతిరేక వ్యాఖ్యే అని, నివేదికలో ఏం రాసినా ఉద్యోగికి తెలియజేయాలని చెప్పింది. ఆ తీర్పు ప్రభుత్వోద్యోగుల గురించి, మీది ప్రైవేటు ఆఫీసు. అయినా మీరు ఆ అమ్మాయి ముఖంలో చూసిన బాధకు కారణం ఇదే. గుడ్ కూడా దెబ్బ కొట్టగలిగితే శాటిస్ఫాక్టరీ ఎంత దెబ్బ కొడుతుందో ఆలోచించండి.

ఏం చేయొచ్చు? ఊరుకోవచ్చు. వచ్చే ఏడాది బాగా రాద్దాంలే అనుకోవచ్చు. అప్పటికి ఆ అమ్మాయి వేరే ఉద్యోగం చూసుకున్నా ఆశ్చర్యం లేదు. రెండో దారి, పక్కకు పిలిచి మనసులో మాట చెప్పడం. ఆమె మనసు కుదుటపడుతుంది కానీ, ఫారంలో మాట అలాగే ఉంటుంది, జీతం పెంపు నిర్ణయించేవాళ్లు చదివేది ఫారాన్నే. మూడోది, నెలాఖరు లోపే ఉద్యోగుల వ్యవహారాలు చూసే హెచ్ఆర్‌కు, మీ పై మేనేజర్‌కు రాసి ఆ వాక్యాన్ని మార్పించడం. దీనికి మీరు “నేను వాడిన మాట నా ఉద్దేశాన్ని సరిగ్గా చెప్పలేదు” అని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మీకిది కష్టంగా ఉంటుందని తెలుసు. ఒకసారి నవ్వులపాలయ్యాక మళ్లీ మనంతట మనమే పొరపాటు చూపించుకోవడం తేలిక కాదు. కొన్ని ఆఫీసుల్లో గడువులోపల కూడా మార్పుకు ఒప్పుకోకపోవచ్చు. అయినా అడిగినట్టు ఆ అమ్మాయికి తెలిస్తే చాలా తేడా ఉంటుంది. వీలైతే మూడోది చేసి, ఆ రోజే రెండోది కూడా చేయండి. ఆమెతో తెలుగులోనే మాట్లాడండి. “మన టీమ్‌లో అందరికంటే బాగా చేసింది నువ్వే, ఆ ముక్క ఫారంలో రాయడం నాకు చేతకాలేదు, మార్చమని అడిగాను” అంటే సరిపోతుంది.

మార్చి రాసేటప్పుడు విశేషణం కోసం వెతక్కండి. ముందు ఆమె ఏం చేసిందో రాయండి. నెలాఖరు క్లోజింగ్ ఎన్నాళ్లు ముందుగా ముగించింది, ఏ తేడాను పట్టుకుంది, కొత్తవాళ్లకు ఏం నేర్పింది. అంకెలు మీ దగ్గరే ఉంటాయి, లెక్కల మనిషి మీరు. ఆ తర్వాత ఒక్క మాట పెట్టండి, అప్పుడు దానికి నేల దొరుకుతుంది. “ఎక్సెప్షనల్” వాడొచ్చు. అయితే స్పెల్లింగ్ చూసుకోండి, దానికి దగ్గర్లోనే “ఎక్సెప్షనబుల్” అని ఉంది, దాని అర్థం అభ్యంతరకరం. ఔట్‌స్టాండింగ్ కూడా పెద్ద మాటే. కానీ మీ శాఖలో అది రోజూ బకాయిలకు వాడే మాట. “హర్ వర్క్ ఈజ్ ఔట్‌స్టాండింగ్” అంటే పని పెండింగ్‌లో ఉందని కూడా చదువుకోవచ్చు. “షీ ఈజ్ యాన్ ఔట్‌స్టాండింగ్ అకౌంటెంట్” అంటే ఆ అనుమానం రాదు.

ఇలా జంటగా తిరిగే మాటలు ఇంకా ఉన్నాయి. ఆసమ్ మెచ్చుకోలు, ఆఫుల్ తిట్టు. రెండూ పుట్టింది భయభక్తుల అర్థమున్న ఒకే మాట నుంచి. టెరిఫిక్ మొదట్లో భయపెట్టేదనే అర్థంలో ఉండేది, తర్వాత పొగడ్తగా మారింది. టెరిబుల్ మాత్రం మారలేదు. మనం అరివీర భయంకరుడు అని మెచ్చుకుంటాం కదా, అలాంటి ప్రయాణమే. ఫుల్సమ్ అనే మాట చూడ్డానికి నిండుగా ఉంటుంది కానీ, “ఫుల్సమ్ ప్రెయిజ్” అంటే చాలామందికి వెగటు పుట్టించే అతి పొగడ్త. మన పెళ్లి ప్రకటనల్లో మెప్పుగా వేసే “హోమ్లీ” అమెరికాలో అందంగా లేదనే అర్థం ఇస్తుంది. అమెరికా వాళ్లెవరైనా భోజనానికి పిలిస్తే ఆ ఇంటావిడను ఆ మాటతో మెచ్చుకోకండి. ఇవన్నీ బట్టీ పట్టాలని చెప్పడం లేదు. పెద్ద మాట వాడబోయే ముందు ఒక్కసారి చూసుకుంటే చాలు. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువులో కాకుండా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వాళ్ల లెర్నర్స్ డిక్షనరీల్లో చూడండి. అవి ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు నేర్చుకోవడం కోసం చేసినవి. ఆన్‌లైన్‌లో డబ్బులు కట్టకుండానే దొరుకుతాయి. మాట బ్రిటన్‌దా అమెరికాదా, ఎక్కడ వాడతారు అన్నది ఉదాహరణలతో చూపిస్తాయి.

క్లాసులో చేరాలా అన్నారు. మాట్లాడే చనువు కోసమైతే చేరండి, నష్టం లేదు. ఈ ఒక్క ఇబ్బంది కోసమైతే అంత ఖర్చు అక్కర్లేదనుకుంటాను. మీకు వచ్చే ఈమెయిల్స్‌లో ఎవరు ఎవర్ని ఏ మాటతో మెచ్చుకున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పక్కనే రాసినవాళ్ల దేశం కూడా వేయండి. రెండు నెలల్లో మీ ఆఫీసుకు సరిపడా మాటలు పోగవుతాయి. ఏ క్లాసులోనూ అవి చెప్పరు.

థాంక్యూతో సరిపెట్టడం కూడా ఒక దారే, కాదనను. ఎవరూ నవ్వరు. కానీ మీ కింద ఎనిమిది మంది ఉన్నారు. బాగా చేసినవాళ్లకూ అంతంతమాత్రం చేసినవాళ్లకూ అదే థాంక్యూ వస్తే, బాగా చేసినవాళ్లు ముందు నీరుగారిపోతారు. మీ టీమ్‌లో అది ఇప్పటికే మొదలైందని మీ ఉత్తరమే చెబుతోంది.

నవ్విన ఆయన చెప్పిన వాడుక సరైనదే. చెప్పిన చోటే తప్పు. వదిలేయొచ్చు, కొన్నాళ్లకు అందరూ మర్చిపోతారు, మీరు మర్చిపోగలరా అన్నదే ప్రశ్న. లేదా ఒక రోజు టీ దగ్గర “తప్పుంటే తర్వాత చెప్పండి, నేర్చుకుంటాను. మీటింగ్‌లో అందరి ముందూ వద్దు” అని మామూలు గొంతుతో చెప్పొచ్చు. చాలామంది అప్పుడు సర్దుకుంటారు. కొంతమంది “సరదాకన్నాను” అని తేలిగ్గా తీసుకుంటారు, అలా అన్నా మీరు చెప్పాల్సింది చెప్పినట్టే. హెచ్ఆర్ దాకా వెళ్లడం ఒక్కసారి జరిగినదానికి ఎక్కువవుతుంది. మళ్లీ మళ్లీ జరిగితే మాత్రం తేదీలు రాసిపెట్టుకోండి.

మీ అమ్మాయిని దిద్దనివ్వండి. ఆ పిల్ల నవ్వడం లేదు, తనకు వచ్చింది మీకు ఇస్తోంది. తెలుగులో తను తడబడే చోట మీరూ దిద్దండి.

ఇక కార్డు. ఫెంటాస్టిక్, అమేజింగ్, ఇన్‌క్రెడిబుల్ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. మీ దగ్గరున్నది వాళ్లెవరి దగ్గరా లేదు. మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు పది రోజులు నా పని మీరు చేశారు, ఎవరికీ చెప్పలేదు, నేను మర్చిపోలేదు అని చిన్న చిన్న వాక్యాల్లో రాయండి. ఆ సంగతి అందరూ చదవడం మీ మేనేజర్‌కు ఇష్టం ఉండదనిపిస్తే కార్డులో సంతకం పెట్టి, ఇది విడిగా ఒక ఉత్తరంలో పంపండి. చివర్లో మెచ్చుకునే మాట కావాలంటే “కైండ్” అని రాయండి. అది చిన్న మాటే, పై మెట్టు మాట కాదు, కాబట్టి దాని ముందు మీ “వెరీ” ఏ అనుమానం లేకుండా పెట్టుకోవచ్చు: యు వర్ వెరీ కైండ్ టు మి.